లిస్ట్‌మాంక్: కడప డీటీపీ షాపు నుంచి ఏడాదిన్నర వాడకం

లిస్ట్‌మాంక్ అనేది ఒకేసారి చాలామందికి ఈమెయిల్‌లో ఉత్తరాలు పంపడానికి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్. ఏడాదిన్నరగా వాడుతున్నాను. పని బాగా చేస్తుంది. కాకపోతే నాకున్నట్టు బెంగళూరులో ఒక మేనల్లుడు మీకు లేకపోతే దాని జోలికి పోకండి. తొందరలో ఉన్నవాళ్లకు ఇంతే రివ్యూ. తీరిక ఉన్నవాళ్లకు మిగతాది చెప్తాను.

నాది కడప. వై.వి. స్ట్రీట్ పక్క సందులో చిన్న డీటీపీ షాపు. ఇరవై నాలుగేళ్లుగా పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, కర్మక్రియల కార్డులు కొట్టి ఇవ్వడమే నా పని. రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను గానీ నాకు తెలిసింది పేజ్‌మేకర్, అను ఫాంట్లు, కొంచెం ఫోటోషాప్. సర్వర్ అంటే హోటల్లో సాంబారు పోసేవాడే గుర్తొస్తాడు.

గుడి వాళ్లు స్థలపురాణం పుస్తకాలు వేయించుకోవడానికి వస్తుంటారు. ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒక లైను ఉంటుంది: 'ఈ ఆలయమందు ప్రాచీన శాసనము కలదు.' అంతే, దాంట్లో ఏముందో రాసినాయనకూ తెలియదు, కొట్టిన నాకూ తెలియదు. అట్లాంటి లైన్లు ఏ ఇరవయ్యో కొట్టాక ఒక ఆదివారం ఎర్రగుంట్ల మండలం కలమల్లకు పోయాను. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉన్న ఊరు. క్రీ.శ. 575 నాటిదంటారు. పూర్తిగా తెలుగులో రాసిన శాసనాల్లో ఇప్పటిదాకా దొరికిన మొదటిది. పద్నాలుగు వందల ఏళ్ల కింద తెలుగు డీటీపీ చేసినవాడు నా కంటే కష్టపడ్డాడు పాపం, వాడికి బ్యాక్‌స్పేస్ లేదు.

అప్పటి నుంచి పిచ్చి పట్టుకుంది. నెలకు రెండు ఉత్తరాలు రాద్దామనుకున్నాను. ఒక్కో ఉత్తరంలో మన జిల్లాలోని ఒక రాయో, ఒక రాగిరేకో. అందులో ఏం రాశారు, ఎవరికి ఎంత భూమి ఇచ్చారు, ఆ ఊరు ఇప్పుడు ఎట్లుంది.

"ఈమెయిల్ ఎవడు చూస్తాడన్నా, వాట్సాప్‌లో పెట్టు" అని షాపుకు వచ్చిన ప్రతివాడూ చెప్పాడు. సరే, మొదట అదే చేశాను. వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు అయితే 256 మందే, అది కూడా నా నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. ఆ హద్దులు నన్నేమీ చేయలేదు, అంతమంది నాకు ఎక్కడున్నారు? నన్ను కొట్టింది వేరే. పుణ్యకుమారుడి మాలేపాడు రాగిరేకుల గురించి రెండు వారాలు కూర్చుని రాసింది మూడో రోజు తిరిగి నా ఫోన్‌కే వచ్చింది. పైన నా పేరు లేదు. మధ్యలో రెండు పేరాలు మాయం. కింద ఎవరిదో పేరు, దాని కింద గులాబీ పువ్వు, శుభోదయం.

పైగా నేను రాసేది నిజంగా అడిగి చదివేవాళ్లలో సగం మంది కడపలో లేరు. బెంగళూరు, హైదరాబాదు, కువైట్. ఆఫీసులో కూర్చుంటే వాళ్ల ముందు మెయిల్ తెరిచే ఉంటుంది. అందుకని ఈమెయిల్ దారి పట్టాను.

మామూలు జీమెయిల్‌తోనే మొదలుపెట్టాను. ఉచిత ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేం. నాకు 140 మందే కాబట్టి దిగుల్లేదు. అందరినీ బీసీసీలో పెట్టి పంపేవాణ్ణి. మూడో ఉత్తరానికి కరెంటు పోయేలోపు పంపేయాలన్న కంగారులో బీసీసీ బదులు సీసీలో పెట్టాను. 140 మంది అడ్రసులు 140 మందికీ కనపడ్డాయి. పది నిమిషాల్లో వాళ్లలో ఒకాయన అందరికీ రిప్లై కొట్టాడు. శాసనం గురించి అనుకుని ఆశగా తెరిచాను. బైపాస్ పక్కన ప్లాట్లు ఉన్నాయట, బ్యాంకు లోను సౌకర్యం కలదట.

ఆ తర్వాత ఒక విదేశీ సర్వీసులో ఉచిత ఖాతా తెరిచాను. పేరు రాయను, ఎందుకంటే ముప్పాతిక తప్పు నాదే. లిస్టు చిన్నగా ఉందని షాపు పాత బిల్లుల్లో, పెళ్లి పత్రికల ఆర్డర్లలో ఉన్న మెయిల్ అడ్రసులన్నీ ఏరి 340 ఎక్కించాను. వాళ్లెవరూ నన్ను ఉత్తరం అడగలేదు. ఎప్పుడో కార్డు ప్రూఫ్ పంపడానికి ఇచ్చిన అడ్రసులవి. అందులో 41 చచ్చిన అడ్రసులు, పంపినవి పంపినట్టే వెనక్కొచ్చాయి. సాయంత్రానికి ఖాతా ఆపేశారు. ఎందుకని మూడు సార్లు రాస్తే మూడు సార్లూ అచ్చు గుద్దినట్టు ఒకే జవాబు. ఆ మిగతా పాతిక తప్పు వాళ్లది.

డబ్బు కట్టి ఇంకోచోట మొదలుపెడదామంటే నా కార్డు మొరాయించింది. నెలనెలా కార్డు నుంచి తనంతట తానే పోయే చెల్లింపులకు 2021 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ అదనపు అనుమతి తప్పనిసరి చేసింది. ఆ ఏర్పాటు ఇటు బ్యాంకు దగ్గరా ఉండాలి, అటు డబ్బు తీసుకునేవాడి దగ్గరా ఉండాలి. మనలాంటి మామూలు డెబిట్ కార్డు వాళ్లకు బయటి దేశాల సర్వీసులతో ఇది పెద్ద తలనొప్పి.

అప్పుడు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్.

"ఏం మామా, మెయిల్ పంపను ఆపేసినావంట, అమ్మ చెప్పింది."

"ఆపలేదురా, వాళ్లే ఆపేసినారు."

"మనోళ్లు చేసిందే ఒకటుంది మామా. పైసా తీసుకోరు. నేను పెట్టిస్తాలే."

మనోళ్లు అంటే మన దేశం వాళ్లని. లిస్ట్‌మాంక్ చేసింది కైలాష్ నాధ్. షేర్ల బ్రోకరు కంపెనీ జెరోధాలో టెక్నాలజీ అంతా చూసే మనిషి. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇదే మనిషి ఓలం అని మలయాళం నిఘంటువు కూడా నడుపుతాడని తెలిశాక నాకు నమ్మకం కుదిరింది. బ్రౌన్ దొర తిరిగిన ఊరు మాది, నిఘంటువు చేసినవాడంటే ఇక్కడ ఒక లెక్క ఉంటుంది.

పెట్టడం నేను చూడలేదు, ఒక సాయంత్రంలో అయిపోయిందన్నాడు. ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ మీద గో భాషలో రాసిన ఒక ఫైలు, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, అంతేనట. నాకు ఒక లింకు, ఒక పాస్‌వర్డు ఇచ్చాడు. తెరిస్తే ఎడమ పక్క జాబితాలు, చందాదారులు, ఉత్తరాలు, మూసలు. పేజ్‌మేకర్ కంటే తేలిక. నిజంగా తేలిక. ఉత్తరం రాసి, లిస్టు ఎంచుకుని, మొదట నాకొక్కడికే పంపి చూసుకుని, తర్వాత మొదలుపెట్టు అని నొక్కడమే. బొమ్మలు, హంగులు లేవు. నాకు అదే నచ్చింది.

అయితే ఒకటి తెలుసుకోవాలి. లిస్ట్‌మాంక్ తపాలా వాడు కాదు. అడ్రసులు రాసి, కవర్లు అంటించి, తిరిగొచ్చినవి పక్కన పెట్టే గుమస్తా. మోసుకుపోయే తపాలా వాణ్ణి మనమే కుదుర్చుకోవాలి. మావాడు అమెజాన్ ఎస్‌ఈఎస్ కుదిర్చాడు. వెయ్యి ఉత్తరాలకు పది అమెరికా సెంట్లు. కొత్తగా చేరినవాళ్లను మొదట ఒక గిరి గీసి అందులో ఉంచుతారు: రోజుకు 200 ఉత్తరాలు, అదీ ముందే ధ్రువీకరించిన అడ్రసులకే. బయటికి రావాలంటే అడ్రసులు ఎట్లా సేకరించారో, వద్దన్నవాళ్లను ఎట్లా తీసేస్తారో రాసివ్వాలి. పెళ్లి పత్రికల బిల్లుల సంగతి ఈసారి ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు, ఆ 340 అప్పటికే తీసిపారేశాం. వెనక్కొచ్చేవి నూటికి ఐదు దాటితే వాళ్లు విచారణ మొదలుపెడతారు, పది దాటితే ఆపేయొచ్చు. మావాడు లెక్క వేసి చెప్పాడు, అప్పటి ఆ 340లో నాది పన్నెండు.

ఇక అసలు గండం డొమైన్ దగ్గర వచ్చింది, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే, నేను కొనుక్కున్న పేరు. ఉత్తరం నిజంగా నా పేరు మీదే వచ్చిందని జీమెయిల్ లాంటి వాళ్లు నమ్మాలంటే ఆ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు రకాల గుర్తింపు రికార్డులు ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ దీన్ని గట్టిగా పట్టుకున్నాయి. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి, ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలు కూడా ఉండాలి. నాలాంటి చిన్నవాళ్లకు మొదటి రెండిట్లో ఒకటైనా ఉండాలి. మావాడు మూడూ పెట్టమన్నాడు.

డొమైన్ నా పేరు మీద ఉంది, పాస్‌వర్డు నా దగ్గర ఉంది, కాబట్టి కొట్టాల్సింది నేనే. డీకిమ్ కోసం మావాడు వాట్సాప్‌లో మూడు లైన్లు పంపాడు. ఒక్కో లైనూ అర్థం లేని ముప్పై చిల్లర అక్షరాలు, తర్వాత చుక్క, అండర్‌స్కోర్, డొమైన్‌కీ అన్న మాట, మళ్లీ చుక్క, చివర నా డొమైన్ పేరు. ప్రూఫ్ చూసినట్టు అక్షరం అక్షరం చూసి ఎక్కించాను. ఇరవై నాలుగేళ్ల అనుభవం, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎస్‌ఈఎస్ పేజీలో మాత్రం పెండింగ్ అనే ఉంది. మర్నాడూ పెండింగే. షాపులో పెళ్లిళ్ల సీజను, ఒక పక్క ముహూర్తం పత్రికలు, ఇంకో పక్క గంటగంటకూ ఆ పేజీ తెరిచి చూడడం. పెద్ద టెన్షన్.

మూడో రోజు మావాడు ఫోన్‌లో స్క్రీన్ చూపించమన్నాడు.

"మామా, చివర డొమైన్ పేరు కూడా కొట్టినావా?"

"నువ్వే గదరా ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నావు."

"నీ డొమైన్ వాళ్ల పేజీ ఆ పేరును దానంతటదే తగిలిస్తుంది మామా. నువ్వొకసారి, అదొకసారి. రెండు సార్లు పడింది."

ఆ పేజీలో అది ఎక్కడా రాసిలేదు. సేవ్ చేశాక పక్కన ఉన్న చిన్న బాణం నొక్కితే గానీ పూర్తి పేరు కనపడదు. ఆ డొమైన్ అమ్మినవాళ్ల హెల్ప్‌లైన్‌కు రెండు సార్లు ఫోన్ చేశాను, రెండు సార్లూ 'నలభై ఎనిమిది గంటలు వెయిట్ చేయండి సార్' అన్నారు. తప్పు ఉన్నది నలభై ఎనిమిది రోజులు ఆగినా తప్పే కదా. మూడు లైన్లలోనూ చివరి పేరు తీసేశాను. టీ తాగి వచ్చేసరికి పచ్చ రంగు పడింది. మీరు ఇంకేం మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి, ఎడమ గడిలో చివరి డొమైన్ పేరు కొట్టే ముందు ఆ పేజీ తనే తగిలిస్తుందో లేదో చూసుకోండి. డీమార్క్ మాత్రం ఒక్క లైనే, ఇబ్బంది లేదు. అది పెట్టినప్పటి నుంచి రోజూ ఎవరెవరో పంపే జిప్ ఫైళ్లు మెయిల్‌కు వస్తున్నాయి. తెరిచి చూశాను, నా శాసనాలే నయం.

అన్నీ కుదిరాక మొదటి ఉత్తరం పంపాను. ఇక్కడ లిస్ట్‌మాంక్ గురించి తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. ఉత్తరం పైన ఎవరి పేరు వాళ్లకు పడేలా పెట్టుకోవచ్చు. దాని సూచనల్లో ఫస్ట్‌నేమ్ అని ఒక గుర్తు ఇచ్చారు. చందాదారు పేరులో మొదటి మాటను ఏరి అక్కడ వేస్తుంది. దాని పక్కన 'గారూ, నమస్కారం' అని నేను కొట్టాను. నాకొక్కడికే పంపి చూసుకున్నాను. నేను నా పేరును ఇంటిపేరు లేకుండా ఇచ్చుకున్నాను కాబట్టి చక్కగా పడింది. ఇక అందరికీ వదిలాను.

ఇంగ్లీషు వాళ్లకు మొదటి మాట సొంత పేరు. మనకు మొదటి మాట ఇంటిపేరు. ఫారం ఇస్తే మనవాళ్లు ఆధార్‌లో ఉన్నట్టు నింపుతారు. ఒకాయనకు 'మేకల గారూ, నమస్కారం' అని పోయింది. ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకున్న వాళ్లకు 'కె. గారూ', 'ఎస్. గారూ'. ఒక డాక్టరమ్మకు 'డా. గారూ'. కడప సంగతి తెలుసు కదా, సాయిబులు ఎక్కువ. 31 మందికి 'షేక్ గారూ, నమస్కారం', తొమ్మిది మందికి 'సయ్యద్ గారూ', నలుగురికి 'పఠాన్ గారూ'. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ కూడా 'షేక్ గారూ' అని పోయిందట, మాలో ఏ షేక్‌కు రాశారు అని తండ్రి జవాబు రాశాడు. వేల పెళ్లి పత్రికలు కొట్టిన చేయి ఇది. ఇంటిపేరు ఎక్కడ వేయాలో, పేరు ఎక్కడ వేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మిషన్‌కు అప్పజెప్పేసరికి అదంతా మర్చిపోయాను.

సాఫ్ట్‌వేర్ తప్పు అననులెండి, అది చెప్పిందే చేసింది. ఫస్ట్‌నేమ్ అన్నచోట ఉత్త నేమ్ అని మారిస్తే పూర్తి పేరు పడుతుంది. చందా ఫారంలో పేరు గడి పైన 'మిమ్మల్ని ఎలా పిలవాలి?' అని మార్చాను. ఇప్పుడు జనం 'రమణ', 'బాషా భాయ్', 'పద్మక్క' అని రాస్తున్నారు. పద్మక్క గారూ అని పోతోంది. పోనీలే.

తెలుగు అక్షరాల సంగతి ఇంకో రామాయణం. నా పాత వ్యాసాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెచ్చి మెయిల్‌లో అతికిస్తే తెలుగు ఉండదు, కొమ్ములూ తోకలూ ఉన్న లాటిన్ గుర్తులు వస్తాయి. ఫోన్లూ మెయిళ్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తులు ఒకచోటివి ఇంకోచోట పడతాయి, మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే. నాలుగు వ్యాసాలకు అట్లా కుస్తీ పట్టి, ఐదోదాన్నుంచి కొత్తగా కొట్టుకున్నాను. ఫాంటు మీద కూడా ఆశలు పెట్టుకోకండి. మండలి, ధూర్జటి అని ఎంత అందమైన ఫాంటు పెట్టినా జీమెయిల్‌లో చదివేవాడికి వాడి ఫోన్‌లో ఉన్న తెలుగే కనపడుతుంది. డీటీపీ వాడికి ఇది కడుపుకోత. ఒక్కటి మాత్రం మన చేతిలో ఉంది, లైన్ల మధ్య ఖాళీ. మొదట నేను పెట్టుకున్న మూసలో అది చాలక, పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చున్నాయి. 1.8కి పెంచాక ఊపిరాడింది.

పొడుగు ఉత్తరాలు రాసేవాళ్లకు ఇంకో సంగతి. ఉత్తరం 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకూ మూడు. 'స్త్రీ' అని ఒక్క అక్షరం రాస్తే స, త, ర, మధ్యలో రెండు పొల్లులు, పైన గుడిదీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. నా ఉత్తరం 1,800 మాటలు ఉంటుంది, అక్షరాలే 40 కేబీ దాకా పోతాయి. దాన్ని వర్డ్‌లో కొట్టి ఇందులో అతికిస్తే, వర్డ్ తన చెత్త కోడ్ అంతా మోసుకొచ్చి హద్దు దాటించింది. కింద ఉండే 'చందా మానుకోండి' అన్న లింకు కూడా ఆ కోతలోనే పోయింది. ఇప్పుడు ముందు నోట్‌ప్యాడ్‌లో అతికించి, అక్కడి నుంచి తీసుకుంటున్నాను.

శాసనాల్లో 'చోళ' అన్నచోట ళ ఉండదు, ఴ అని ఇంకో అక్షరం ఉంటుంది. తర్వాత తెలుగులోంచి పోయింది. యూనికోడ్‌లోకి 2014లో ఎక్కింది. పాత ఫోన్ ఉన్న కువైట్ చందాదారు ఒకాయన స్క్రీన్‌షాట్ పంపాడు. 'చో', పక్కన ఖాళీ డబ్బా. 'రాయి పగిలిపోయిందా అన్నా?' అని రాశాడు. అప్పటి నుంచి ఆ అక్షరం ఉన్న లైనును బొమ్మగా కూడా పెడుతున్నాను.

మనుషులను చేర్చుకోవడం అన్నిటికంటే నెమ్మదైన పని. లిస్ట్‌మాంక్‌లో డబుల్ ఆప్టిన్ అని ఉంది. అడ్రసు ఇచ్చినవాళ్లకు ముందు ఒక మెయిల్ పోతుంది, వాళ్లు అందులో అవును అని నొక్కితేనే చేరినట్టు. 340 దెబ్బ తిన్నాక నేను ఇది తప్ప ఇంకోటి వాడలేదు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయంలో ఒక సభకు పోయి నోటుబుక్కు తిప్పితే 96 మంది అడ్రసు రాశారు. అందులో ఐదుగురివి డాట్ కామ్‌కు బదులు డాట్ కాన్. కొందరి చేతిరాత శాసనం కంటే కష్టం. చివరికి అవును అని నొక్కినవాళ్లు 38 మంది. మిగతావాళ్లకు ఆ మెయిల్ స్పామ్‌లో పడిందో, ప్రమోషన్స్‌లో పడిందో, చూసి కూడా ఎందుకులే అనుకున్నారో. ఇప్పుడు షాపులో ఎవరైనా అడిగితే కౌంటర్ దగ్గరే వాళ్ల ఫోన్ తెరిపించి, స్పామ్ ఫోల్డరులో వెతికించి, నొక్కించి పంపుతున్నాను. రోజుకు ఒకరు, ఒక్కోరోజు ఇద్దరు. మొత్తం 612 అయ్యారు.

ఎంతమంది తెరిచారు అన్న అంకె చూసి మురిసిపోకండి. ఐఫోన్ మెయిల్ 2021 నుంచి ఉత్తరం తెరవకముందే బొమ్మలను తెచ్చిపెట్టుకుంటుంది, అది తెరిచినట్టు లెక్కలోకి వస్తుంది. ఎవరెవరు తెరిచారో విడివిడిగా చూడకుండా ఆపే వీలు లిస్ట్‌మాంక్‌లో ఉంది, నేను ఆపేశాను. జవాబు రాసినవాళ్లనే లెక్కపెట్టుకుంటాను. ఉత్తరానికి ఎనిమిదీ పదీ వస్తాయి.

ఖర్చు: నెలకు 1,200 చిల్లర ఉత్తరాలు, ఎస్‌ఈఎస్‌కు పది పదకొండు రూపాయలు, అంటే మా షాపులో ఐదు జిరాక్సులు. సర్వర్ అద్దె నెలకు ఐదు వందల లోపు, డొమైన్ ఏడాదికి ఎనిమిది వందల చిల్లర. సాఫ్ట్‌వేర్‌కు సున్నా. మావాడి కార్డు మీద పోతుంది, నేను వాడికి ఫోన్‌పే చేస్తాను. అసలు ఖర్చు మావాడి టైము. ఒకసారి సర్వర్‌లో జాగా నిండిపోయి ఏదీ తెరుచుకోలేదు. వాడు ఆ రోజు ఎవరి పెళ్లిలోనో తిరుపతిలో ఉన్నాడు. రెండు రోజులు ఉత్తరం ఆగింది. డబ్బు కట్టే సర్వీసులో అయితే ఈ బాధ ఉండదు.

కాబట్టి అట్లాంటి మనిషి లేనివాళ్లు సబ్‌స్టాక్ లాంటి వాటిల్లో మొదలుపెట్టుకోవచ్చు. ఉచితంగా పంపే ఉత్తరాలకు అక్కడ ఏమీ అడగరు. చందాకు డబ్బు పెడితే పది శాతం తీసుకుంటారు, ఆ డబ్బు స్ట్రైప్ అనే చెల్లింపుల కంపెనీ ద్వారా రావాలి. మన దేశంలో స్ట్రైప్ 2024 నుంచి పిలిచినవాళ్లకే ఖాతా ఇస్తోంది. డబ్బు ఆలోచన ఉంటే అది ముందే చూసుకోండి. ఎక్కడ పెట్టినా అడ్రసుల లిస్టును నెలకోసారి దించి మీ దగ్గర పెట్టుకోండి. టైనీలెటర్ అని చక్కగా నడిచే సర్వీసు 2024 ఫిబ్రవరిలో మూతపడింది. లిస్ట్‌మాంక్‌లో ఆ దించుకోవడం ఒక్క నొక్కు. నా వరకు ఐదుకు నాలుగు స్టార్లు. తగ్గిన స్టారు తిరుపతి పెళ్లికి.

ఉత్తరం అడుగున తపాలా అడ్రసు ఉండాలని అమెరికా చట్టం, అందుకే విదేశీ సర్వీసుల్లో అది అడుగుతారు. నాకు ఆ చట్టంతో పని లేకపోయినా అలవాటుగా షాపు అడ్రసు వేశాను. మొన్న మాఘమాసంలో ఒక పెద్దాయన ఆ అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. కూతురి పెళ్లి, మూడు వందల పత్రికలు, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఉర్దూ. అడ్వాన్సు ఇచ్చి కూర్చున్నాక అడిగాడు.

"నన్ను షేక్ గారూ అనింది నువ్వేనా?"

నేనే అని చెప్పాను. టీ తెప్పించాను. ప్రూఫ్ చేతికి ఇస్తే కళ్లజోడు తుడుచుకుని పేర్లు మూడు సార్లు చదువుకున్నాడు.